నిండా మునగకముందే: పథ్యం తప్పిన పూట ఏం చేయాలి?

అన్నం తగ్గించమని, తీపి మానమని, ఆరు కిలోల బరువు దించమని వైద్యుడు చెప్పిన రోజు నుంచి సరిగ్గా పంతొమ్మిది రోజులు నేను పథ్యం తప్పలేదు. ఇరవయ్యో రోజున దగ్గరి బంధువుల ఇంట గృహప్రవేశం. విస్తరిలో బొబ్బట్టు పడింది, దాని మీద గరిటెడు నెయ్యి పడింది, వద్దనేలోపే పక్కన రెండోది కూడా పడింది. రెండూ తిన్నాను. వాటితో ఒంట్లోకి చేరినవి మహా అయితే ఐదారు వందల కెలోరీలు. అసలు నష్టం ఆ తరువాతే మొదలైంది. ఎలాగూ తప్పింది కదా అని అదే పంక్తిలో పులిహోర మారు వడ్డించుకున్నాను, సాయంత్రం మిగిలిన గారెలు తిన్నాను, రాత్రి ఇంటికి వచ్చి, ఇక సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడదామని నిర్ణయించుకున్నాను. ఆ రోజు గురువారం. ఆ సోమవారం వచ్చింది, వెళ్ళింది. నేను తిరిగి దారిలో పడేసరికి ఏడు వారాలు గడిచిపోయాయి.

ఏది తినాలి, ఏది మానాలి అనే విషయం మీద తెలుగులో ఇప్పటికే కావలసినంత సమాచారం ఉంది. చాలామందికి అది కంఠోపాఠం కూడా. ఇక్కడ చెప్పబోయేది పథ్యం తప్పిన పూట గురించి, దాని తరువాతి పూట గురించి. బరువు తగ్గడానికి ప్రయత్నిస్తున్నవారికి, చక్కెర వ్యాధి అంచున ఉన్నారని పరీక్షలో తేలినవారికి, అంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్త పరీక్ష) 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉన్నవారికి ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఇన్సులిన్ తీసుకుంటున్నవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భవతులు మాత్రం ఆహారంలో ఏ మార్పయినా తమ వైద్యుడిని అడిగిన తరువాతే చేయాలి.

ఒక పూట తప్పితే నిజంగా ఎంత నష్టం?

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే భయంలో సగం లెక్క తెలియకపోవడం వల్లనే పుడుతుంది. ఒంట్లో ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే అవసరానికి మించి సుమారు 7,700 కెలోరీలు తినాలని పోషకాహార నిపుణులు స్థూలంగా లెక్క కడతారు. పెళ్ళి భోజనంలో మీరు మొహమాటం లేకుండా తిని, ఆ రోజు అవసరం కంటే 1,500 కెలోరీలు ఎక్కువ తీసుకున్నారనుకుందాం. ఆ లెక్కన పెరిగే కొవ్వు రెండు వందల గ్రాములకు మించదు. ఆ రెండు వందల గ్రాములను మామూలు పథ్యం వారం, పది రోజుల్లో కరిగిస్తుంది.

అయితే మర్నాడు పొద్దున్నే తూకం ఎక్కితే బరువు కిలోన్నర పెరిగినట్టు కనిపిస్తుంది, గుండె గుభేలుమంటుంది. ఆ పెరిగినదంతా కొవ్వు కాదు. అన్నం, పిండి పదార్థాలు, తీపి ఎక్కువగా తిన్నప్పుడు శరీరం వాటిలో కొంత భాగాన్ని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. అలా దాచుకునే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిలుస్తుంది. దానికి ఆవకాయ, అప్పడాలు, పులుసులలోని ఉప్పు తోడైతే శరీరం మరికొంత నీటిని పట్టి ఉంచుతుంది. ఇంకా అరగని ఆహారం బరువు ఉండనే ఉంది. మామూలు తిండికి తిరిగి వస్తే మూడు నాలుగు రోజుల్లో ఈ నీరు దానంతట అదే దిగిపోతుంది. అందువల్ల విందు తిన్న మర్నాడు తూకం జోలికి పోకపోవడం మంచిది. ఎంతో నిష్ఠగా ఉన్నవారిని సైతం ఆ పొద్దుటి అంకె ఒక్కటే నిరుత్సాహపరిచి వారాల తరబడి పక్కదారి పట్టించడం నేను చూశాను. వారానికి ఒకే రోజు, ఒకే వేళకు, పరగడుపున తూగి ఆ అంకెను రాసుకోండి. నెల తరువాత నాలుగు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఎలాగూ తప్పింది కదా

నిండా మునిగినవాడికి చలేమిటని మనకొక సామెత ఉంది. పథ్యం విషయంలో ఈ మనస్తత్వాన్ని 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే పరిశోధకులు ఒక చిన్న ప్రయోగంతో పట్టుకున్నారు. కళాశాల విద్యార్థినులలో కొందరికి ముందుగా మిల్క్‌షేక్ తాగించి, కొందరికి ఏమీ ఇవ్వకుండా, ఆ తరువాత అందరి ముందూ ఐస్‌క్రీములు ఉంచి రుచి చూసి చెప్పమన్నారు. తిండి మీద అదుపు పెట్టుకోనివారు మిల్క్‌షేక్ తాగాక సహజంగానే ఐస్‌క్రీము తక్కువ తిన్నారు. నోరు కట్టుకుని ఉంటున్నవారు మాత్రం ఏమీ తాగనప్పటి కంటే మిల్క్‌షేక్ తాగిన తరువాతే ఎక్కువ ఐస్‌క్రీము తిన్నారు. కడుపు నిండినా చేయి ఆగలేదు, ఎందుకంటే వారి దృష్టిలో ఆ రోజు అప్పటికే చెడిపోయింది. హెర్మన్, ఆయన సహ పరిశోధకురాలు జానెట్ పోలివీ తరువాతి కాలంలో ఈ ధోరణి మీద విస్తారంగా రాశారు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మద్యపాన వ్యసనం మీద పనిచేసిన అలన్ మార్లట్ మరో కోణం నుంచి ఇదే చోటికి వచ్చారు. ఆయన ఒకసారి జారడాన్ని, పూర్తిగా పాత స్థితికి పడిపోవడాన్ని వేరువేరుగా చూడమన్నారు. జారినప్పుడు మనిషి తనకు తాను చెప్పుకునే మాటే మొదటిదాన్ని రెండోదిగా మారుస్తుందని ఆయన వాదన. నాకు నిగ్రహం లేదు, నా వల్ల కాదు అనుకున్నవాడు రెండో గ్లాసు అందుకుంటాడు. ఫలానా చోట, ఫలానావాళ్ళ మధ్య, ఆకలి మీద ఉన్నప్పుడు జారాను అనుకున్నవాడికి మరోసారి అటువంటి చోట ఏం చేయాలో ఆలోచించే వీలు చిక్కుతుంది. నా గృహప్రవేశపు కథలో రెండు బొబ్బట్లు జారడం. ఆ తరువాతి ఏడు వారాలు పడిపోవడం. ఆ రెంటి మధ్య ఉన్నది గురువారం రాత్రి నేను తీసుకున్న సోమవారపు వాయిదా ఒక్కటే.

ముందు పథ్యాన్నే సరిచూసుకోండి

2005లో అమెరికాలోని బోస్టన్‌లో మైకేల్ డాన్సింజర్ బృందం 160 మందిని నాలుగు భాగాలు చేసి, అప్పట్లో పేరున్న నాలుగు రకాల ఆహార పద్ధతులను ఒక ఏడాది పాటు పాటింపజేసింది. వాటిలో పిండి పదార్థాలను బాగా తగ్గించేది ఒకటి, కొవ్వును దాదాపు మాన్పించేది మరొకటి. ఏడాది తిరిగేసరికి ఈ రెండు కఠిన పద్ధతుల్లోనూ దాదాపు సగం మంది మధ్యలోనే మానేశారు. బరువు ఎంత తగ్గిందన్నది ఏ పద్ధతి పాటించారన్న దానికంటే, దాన్ని ఎంత మేరకు పాటించగలిగారన్న దాన్ని బట్టి మారింది. కొన్నేళ్ళ కిందట మన రెండు రాష్ట్రాల్లోనూ అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె తాగే పద్ధతి ఊరూరా నడిచినప్పుడు చాలామంది తొలి నెలల్లో బరువు తగ్గారు. వారిలో ఎంతమంది ఇప్పటికీ అన్నం లేకుండా ఉంటున్నారో మీ బంధువర్గంలోనే లెక్క వేసుకోవచ్చు.

కాబట్టి మీ పథ్యం పదే పదే తప్పుతున్నదంటే మీ నిగ్రహాన్ని నిందించుకునే ముందు, ఆ పథ్యం మీ ఇంట్లో, మీ ఉద్యోగంతో, మీ వంటగదిలో ఏళ్ళ తరబడి నడిచేదేనా అని చూడండి. ఇంట్లో అందరికీ ఒక వంట, మీకు మరో వంట జరగాలంటే అది నెల దాటదు. వండేవారికి ఓపిక నశిస్తుంది, తినేవారికి మొహమాటం పెరుగుతుంది. అదే పప్పు, అదే కూర, అదే చారు తింటూ కొలతలు మార్చుకోగలిగితే ఎవరికీ భారం ఉండదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఇంటి వంటను మార్చమనలేదు. పళ్ళెంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని, రోజు మొత్తంలో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకుండా చూసుకోవాలని చెప్పాయి.

ఇక్కడ మన భోజనానికి మాత్రమే ఉన్న ఒక చిక్కును ప్రస్తావించాలి. మనం అన్నం ఒకేసారి తినము. పొడి, నెయ్యి వేసుకుని మొదటి ముద్దలు, తరువాత పప్పు, తరువాత కూర, పులుసో చారో, చివరికి పెరుగు. ప్రతి వరుసకూ మళ్ళీ కొత్తగా అన్నం పెట్టుకుంటాము. ఏ వరుసలోనూ ఎక్కువ తిన్నట్టు అనిపించదు గాని, లేచేసరికి హస్తంతో నాలుగైదు సార్లు అన్నం పడి ఉంటుంది. నేను మొదటిసారి వంటగది త్రాసు తెచ్చి తూచినప్పుడు, కొంచెమే తింటానని నేను గట్టిగా నమ్మిన అన్నం నాలుగు వందల గ్రాములకు దగ్గరగా తేలింది. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కెలోరీలు. అంటే ఒక్క పూట అన్నమే ఐదు వందల పైచిలుకు. దీనికి నేను కనుక్కున్న ఉపాయం చాలా సాదా. భోజనానికి కూర్చునే ముందే ఆ పూటకు కావలసిన అన్నమంతా ఒక చిన్న గిన్నెలో తీసుకుని, అన్నం తపేలాను తిరిగి వంటగదిలో పెట్టేస్తాను. గిన్నెలో ఉన్న దానిలో మూడో వంతు పెరుగుకు ముందే విడిగా ఉంచుతాను. పెరుగన్నం లేకుండా లేచినవాడికి భోంచేసిన తృప్తి ఉండదు, రాత్రి పదింటికి వంటగదిలో డబ్బాలు తెరుస్తాడు. కనుక కోత పెట్టదలచుకుంటే మొదటి వరుసల్లో పెట్టండి, కూర, పప్పు పెంచి అన్నం తగ్గించండి. పెరుగు జోలికి మాత్రం పోకండి. ఇది శాస్త్రం చెప్పిన మాట కాదు, నా అనుభవం. కానీ నేను చెప్పినవారిలో ఎవరూ దీన్ని కాదనలేదు.

నియమాలు ఎన్ని పెట్టుకోవాలని అడిగితే మూడు చాలంటాను. నావి ఇవీ: పూటకు గిన్నెడు అన్నం, కాఫీ, టీలలో చక్కెర లేకపోవడం, రాత్రి ఎనిమిదిన్నర తరువాత ఏమీ తినకపోవడం. పది నియమాలు పెట్టుకున్నవారికి రోజూ ఏదో ఒకటి తప్పుతుంది, రోజూ ఓడిన భావన మిగులుతుంది.

తప్పబోయే రోజులు ముందే తెలుసు

మన పంచాంగం చేతిలో ఉండగా పథ్యం ఎప్పుడు తప్పుతుందో తెలియదనడం వింతగా ఉంటుంది. సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి బొబ్బట్లు, శ్రావణ మాసంలో పెళ్ళిళ్ళు, వరలక్ష్మీ వ్రతానికి ఇరుగుపొరుగు పంపే ప్రసాదాలు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు, రంజాన్ నెలలో హైదరాబాద్ వీధుల్లో హలీం, దసరా, దీపావళి. ఇవి కాక ప్రతి ఆదివారం బిర్యానీ. అమెరికాలో ఉన్న మనవాళ్ళకయితే శనివారం ఒకరింట, ఆదివారం మరొకరింట, ఇంటింటి నుంచీ ఒక వంటకం చేరే విందులు. సంవత్సరం మొదట్లోనే క్యాలెండరులో వీటిని గుర్తు పెట్టుకుని, వాటిలో ఏవి నిజంగా మీకు ముఖ్యమో తేల్చుకోండి. సంక్రాంతి అరిసె మీకు ప్రాణమయితే దాన్ని లెక్కలో రాసుకుని ఆనందంగా తినండి. ముందుగా అనుకుని తిన్నది పథ్యంలో భాగమే, తప్పడం కాదు. ఆఫీసులో ఎవరి పుట్టినరోజుకో తెచ్చిన, మీకు అంతగా నచ్చని కేకు కోసం ఆ అవకాశాన్ని ఖర్చు చేయకండి.

కష్టమంతా వడ్డించేవారితోనే. మన మర్యాదలో వద్దు అనే మాటకు అర్థం ఇంకొంచెం అని. విస్తరికి చేయి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి వేసేవారున్నారు. ఇక్కడ మొండిగా నిరాకరించడం కంటే ముందుగానే ఒక ఒప్పందానికి రావడం మేలు. ఒక సంక్రాంతికి మా అత్తగారింట జరిగిన సంభాషణ నాకు ఇప్పటికీ పనికొస్తున్నది.

"ఒక్కటే తిన్నారేమిటి బాబూ? బాగా కుదరలేదా?"

"చాలా బాగున్నాయి అత్తయ్యగారూ. అందుకే ఇప్పుడే తినేసి అవగొట్టదలచుకోలేదు. నాలుగు పొట్లం కట్టివ్వండి, రోజుకొకటి తింటాను."

ఆమె ఎనిమిది కట్టారు, అది వేరే సంగతి. కానీ ఆ పూట పళ్ళెంలో పడింది ఒకటే, ఆమె మనసు నొచ్చుకోలేదు. పెద్దవాళ్ళకు కావలసింది తమ చేతి వంటను మీరు మెచ్చుకోవడం; అది దక్కితే పరిమాణం గురించి వారు అంతగా పట్టుబట్టరు. డైటింగ్ చేస్తున్నానంటే నవ్వుతారు, ఎదురు వాదిస్తారు. వైద్యుడు మూడు నెలల్లో మళ్ళీ రక్త పరీక్షకు రమ్మన్నారంటే వెంటనే వదిలేస్తారు. నిజంగానే రమ్మని ఉంటే ఆ మాట చెప్పడానికి సిగ్గు పడనవసరం లేదు. పంక్తిలో కూర్చున్నప్పుడు చివరి పదార్థం దాకా విస్తరిలో ఏదో కొంచెం మిగిల్చి ఉంచడం మరో ఉపాయం. ఖాళీ విస్తరి కనిపిస్తేనే వడ్డించేవారి చేయి అటు తిరుగుతుంది.

పండగలకు ఇది సరిపోతుంది. రోజువారీ శోధనలకు మరొకటి కావాలి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990లలో ఒక విషయాన్ని వివరంగా పరిశీలించారు: తక్కువ తింటాను అనే సంకల్పం కంటే, ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను అని ముందే ఖాయం చేసుకున్న నిర్ణయం ఎక్కువసార్లు అమలవుతుంది, ఎందుకంటే ఆ సమయానికి ఆలోచించవలసిన పని ఉండదు. కాబట్టి ఇలా రాసుకోండి: ఆఫీసులో నాలుగు గంటలకు ఎవరైనా మిర్చి బజ్జీలు తెప్పిస్తే, నేను ఒకటి తీసుకుని నా టీ తీసుకుని లేచి వెళతాను. రాత్రి టీవీ ముందు ఏదైనా నమలాలనిపిస్తే, ముందు గ్లాసెడు మజ్జిగ తాగి పది నిమిషాలు ఆగుతాను. బిర్యానీ తెప్పిస్తే, ఫ్యామిలీ ప్యాక్ పెట్టెలోంచి నేరుగా తినకుండా నా పళ్ళెంలో పెట్టుకుని పెట్టె మూసేస్తాను. మూడు నాలుగు చాలు. పథకం ఎంత చిన్నదయితే అంత బాగా గుర్తుంటుంది.

తప్పిన తరువాత మొదటి పూట

అన్నీ చేసినా తప్పుతుంది. తప్పినప్పుడు చేయవలసిన పనుల్లో మొదటిది, ముఖ్యమైనది ఒక్కటే: తరువాతి పూట మామూలుగా తినడం. సోమవారం కాదు, ఒకటో తేదీ కాదు, రేపు పొద్దున కూడా కాదు. మధ్యాహ్నం విందులో తప్పితే ఆ రాత్రి మీ గిన్నెడు అన్నం, మీ కూర, మీ మజ్జిగ. ఆకలి అంతగా లేకపోతే కొంచెం తక్కువ తినవచ్చు, కానీ ఆ పూటను మీ మామూలు పూటలాగే ఉంచండి.

శిక్షగా పస్తు ఉండకండి. లంఖణం పరమౌషధమన్న మాటను ఇక్కడికి లాక్కురావద్దు. అజీర్ణం చేసినప్పుడు ఒక పూట కడుపుకు విశ్రాంతి ఇవ్వడం వేరు, చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా రోజంతా మాడడం వేరు. ఏకాదశి నాడు ఉపవాసం ఉండేవారికి దాని నియమం, దాని ముగింపు ముందే తెలుసు కాబట్టి వారు ద్వాదశి నాడు ప్రశాంతంగా పారణ చేస్తారు. కోపంతో ఉన్న పస్తు మాత్రం సాయంత్రానికి విపరీతమైన ఆకలిగా మారి, రాత్రికి నిన్నటికంటే పెద్ద తప్పు చేయిస్తుంది. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతున్నవారు మందు వేసుకుని భోజనం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వణుకు, చెమటలు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. వారు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇలాంటి పస్తు ఉండకూడదు.

రెండో పని, తిన్న తరువాత పావుగంటో ఇరవై నిమిషాలో మెల్లగా నడవడం. కండరాలు కదిలితే భోజనం తరువాత రక్తంలో పెరిగే చక్కెర కొంత అదుపులో ఉంటుంది. తిన్నదంతా కరిగించాలని రెండు గంటలు పరుగెత్తితే అది కూడా శిక్షే అవుతుంది. మర్నాడు కాళ్ళ నొప్పులతో నడకే మానేస్తారు. మూడో పని, మిగిలిన వాటిని ఇంట్లోంచి పంపేయడం. విందు నుంచి తెచ్చుకున్న మిఠాయి డబ్బా ఫ్రిజ్‌లో ఉన్నంతకాలం ఆ విందు ముగియనట్టే. వాచ్‌మన్ కుటుంబానికో, పక్కింటి పిల్లలకో ఆ సాయంత్రమే ఇచ్చేయండి.

నాలుగో పని రాయడం. దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. పాల లెక్కలు రాసుకునేలాంటి చిన్న నోటుపుస్తకం ఒకటి తీసుకుని, తప్పిన ప్రతిసారీ ఒకే వాక్యం రాయడం మొదలుపెట్టాను: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏది, ఎంత, దానికి ముందు ఏం జరిగింది. తిట్టుకోవడం, పశ్చాత్తాపం రాయకూడదని నియమం. ఒక పేజీలో ఇలా ఉంది: "మంగళవారం, సాయంత్రం 6.40, చేగోడీలు, రెండు గుప్పిళ్ళు. మధ్యాహ్నం మూడింటికి తిన్నాను, అదీ సగం." దాని కింద: "శుక్రవారం, 7.10, బేకరీ పఫ్ ఒకటి, దిల్‌పసంద్ ముక్క ఒకటి. మీటింగు వల్ల భోజనం లేదు, రెండు టీలు." నెల తిరిగాక చదువుకుంటే, నేను తీపి మీది వ్యామోహం అనుకున్నది చాలావరకు మధ్యాహ్న భోజనం ఆలస్యం కావడమని అర్థమయింది. తప్పినవాటిలో సగానికి పైగా సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్యనే, అవీ మధ్యాహ్నం సరిగ్గా తినని రోజుల్లోనే జరిగాయి. దానికి విరుగుడు నిగ్రహం కాదు, ఐదు గంటలకు చిన్న డబ్బాలో ఉడికించిన శనగల గుగ్గిళ్ళు. వ్రతం చెడినా ఫలం దక్కాలని మనవాళ్ళు అంటారు. చెడింది కదా అని కడుపునిండా లాగించడానికి ఆ మాటను వాడేవారున్నారు. దక్కవలసిన ఫలం ఆ నోటుపుస్తకంలోని వాక్యమని నాకు అనిపిస్తుంది.

ఒక రోజు తప్పితే అంతవరకూ కట్టుకున్న అలవాటు కూలిపోతుందన్న భయం కూడా అనవసరం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాల పాటు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టినట్టు తేలింది. మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. ఆ మధ్యలో ఒకసారి ఆ పని చేయడం మరచిపోయినా అలవాటు ఏర్పడే తీరులో చెప్పుకోదగిన తేడా రాలేదు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు స్థిరపడుతుందని ప్రచారంలో ఉన్న మాటను నమ్మి, ఇరవై రెండో రోజు కూడా కష్టంగా ఉందని నిరాశపడేవారు ఈ అంకెలను గుర్తుంచుకుంటే మంచిది.

తప్పడమే మామూలయిపోతే

వరుసగా మూడు రోజులు, లేదా వారంలో నాలుగైదు పూటలు తప్పుతున్నదంటే అది జారడం దాటిపోయింది. అప్పుడు సంకల్పాన్ని మరింత బిగించడం కంటే నియమాన్ని సడలించడం పనిచేస్తుంది. మూడు నియమాల్లో అన్నిటికంటే తేలికగా ఉన్న ఒక్కదాన్ని ఉంచుకుని మిగతా రెంటినీ పది రోజులు పక్కన పెట్టండి. ఆ ఒక్కటి నిలబడ్డాక రెండోది చేర్చండి. ఇంట్లో ఎవరికైనా అనారోగ్యం, పరీక్షలు, బదిలీ, అప్పుల ఒత్తిడి ఉన్న నెలల్లో బరువు తగ్గించే ప్రయత్నం మానుకుని, పెరగకుండా చూసుకోవడాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం ఓటమి కాదు.

లక్ష్యం పూర్తిగా చేరకపోయినా ఫలితం ఉంటుందనడానికి పెద్ద ఆధారమే ఉంది. అమెరికాలో 3,234 మంది మీద జరిగి 2002లో వెలువడిన చక్కెర వ్యాధి నివారణ అధ్యయనంలో, ఆహారం, వ్యాయామం మార్చుకున్న వర్గానికి శరీర బరువులో 7 శాతం తగ్గడాన్ని లక్ష్యంగా ఇచ్చారు. ఆరు నెలల శిక్షణ ముగిసేసరికి సగం మందే దాన్ని చేరారు. అధ్యయనం చివరికి వచ్చేసరికి ఆ స్థాయిలో ఉన్నది 38 శాతం మందే. అయినా ఆ వర్గం మొత్తంలో చక్కెర వ్యాధి వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మన పక్కనే చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 531 మంది మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో కూడా జీవనశైలి మార్పులతో ఆ ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. ఎనభై కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. నాలుగు కిలోలు తగ్గి అక్కడే ఆగినవారి శ్రమ కూడా వృథా పోదు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ఎవరికీ కనపడకుండా, ఆకలి లేకపోయినా, ఆపుకోలేక పెద్ద మొత్తంలో తినడం వారానికి ఒకసారైనా చొప్పున నెలల తరబడి సాగుతుంటే, లేదా తిన్న తరువాత కావాలని వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం జరుగుతుంటే, దాన్ని పథ్యం తప్పడంగా చూడకూడదు. అది చికిత్స ఉన్న మానసిక సమస్య. మానసిక వైద్యుడిని కలవండి. కలవడానికి సంకోచంగా ఉంటే కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ ఉచిత సహాయ సంఖ్య 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. ముఖ్యంగా చదువుకునే వయసు పిల్లల్లో ఈ లక్షణాలు కనిపిస్తే పథ్యం మాట ఎత్తకుండా ముందు వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి.

పరీక్ష దగ్గరపడినప్పుడు

రక్త పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి రాగి జావ, కాకరకాయ కూర మాత్రమే తిని, పరగడుపు చక్కెర తక్కువగా రాగానే ఊపిరి పీల్చుకునేవారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. పరగడుపు పరీక్ష ఆ కొద్ది రోజుల మాటను చెబుతుంది కాబట్టి ఈ యుక్తి కొంతవరకు పారుతుంది. హెచ్‌బీఏ1సీ దగ్గర పారదు. ఎర్ర రక్తకణాల ఆయువు సుమారు 120 రోజులు. ఆ కాలంలో వాటిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను ఆ పరీక్ష కొలుస్తుంది కనుక అది రెండు మూడు నెలల సగటును చూపుతుంది. అదే కారణం చేత, మధ్యలో వచ్చిన ఒక పెళ్ళి, రెండు ఆదివారపు బిర్యానీలు ఆ అంకెను చెప్పుకోదగినంతగా పెంచలేవు. తప్పిన పూట తరువాత మీరు తిన్న మామూలు పూటలే అందులో ఎక్కువ లెక్కకు వస్తాయి.

వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టుతో పాటు ఆ నోటుపుస్తకం కూడా తీసుకువెళ్ళండి. అంతా బాగానే పాటిస్తున్నానని చెప్పడం కంటే, సాయంత్రం ఆరింటికి తప్పుతున్నదని పేజీ తెరిచి చూపిస్తే ఆయన మీరు మందు వేసుకునే వేళనో, మధ్యాహ్న భోజనాన్నో సర్దగలుగుతారు. నేను మొదటిసారి చూపించినప్పుడు మా వైద్యుడు పేజీలు తిరగేసి, చేగోడీల దగ్గర ఆగి, ఆ దుకాణం ఎక్కడో అడిగారు.